పట్టాలో పేరెవరిది?

1289 నవంబర్ 27. నకిరేకల్‌కు దగ్గర్లో ఉన్న చందుపట్ల అనే ఊళ్ళో ఒక రాతి మీద చెక్కిన తేదీ ఇది. కాకతీయ రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరుకున్నారనీ, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు దానం చేశాడనీ ఆ శాసనం చెబుతుంది. రుద్రమ ఎప్పుడు కన్నుమూసిందో మనకు తెలియజెప్పే ఆధారం మన నల్గొండ జిల్లాలోనే దొరికిందన్నమాట.

రుద్రమ గొప్పదనం గురించి మనందరం స్కూల్లో చదువుకున్నాం. ఒక్క చిన్న విషయం మాత్రం పాఠం అయిపోయాక మరిచిపోతాం. ఆమె రాజ్యమేలుతున్న రోజుల్లో వేసిన శాసనాలు చాలావాటిలో ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’. తండ్రి గణపతిదేవుడికి కొడుకులు లేరు. అందుకే కూతురు సింహాసనం ఎక్కింది. ఎక్కినా రికార్డులో మగ పేరుతోనే ఉండాల్సి వచ్చింది. ఆమెకూ కొడుకులు లేరు, కూతుళ్ళున్నారు. అయినా రాజ్యం కూతురికి వెళ్ళలేదు. కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని అతనికి అప్పగించారు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. పొద్దున్నుంచి రాత్రి దాకా డేటాబేస్‌లతోనే నా పని. మా పనిలో ఒక సూత్రం ఉంది: ఎవరెంత కష్టపడ్డారు, ఎవరు ఏమనుకున్నారు అన్నది సిస్టమ్‌కి తెలియదు. ఓనర్ అనే కాలమ్‌లో ఎవరి పేరుందో అదొక్కటే దానికి తెలుసు. మాది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊరు. మా ప్రాంతంలో ఆడవాళ్ళ స్థితి ఎలా ఉండేదో, ఎంత మారిందో తెలుసుకోవాలని పుస్తకాలు చదువుతుంటే నా కళ్ళు మళ్ళీ మళ్ళీ ఆ కాలమ్ దగ్గరే ఆగాయి. రాణి అయినా, వెట్టిమనిషి అయినా, తుపాకీ పట్టిన కమాండర్ అయినా చివరికి కాగితం మీద పేరెవరిది?

గద్వాల రాణి, గడీలో ఆడబాప

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో సంస్థానాలు ఎక్కువ. వనపర్తిలో 19వ శతాబ్దంలో రాణి శంకరమ్మ పాలించారు. గద్వాలలో భర్త చనిపోయాక 1924 నుంచి సంస్థానం విలీనమయ్యే దాకా మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పాలించారు. గద్వాలలో ఎం.ఏ.ఎల్.డి. కాలేజీ అంటే అందరికీ తెలుసు కదా, ఆ అక్షరాలు ఆమె పేరే. చదివేవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి.

ఈ రాణులు సమర్థులు, అందులో అనుమానం లేదు. కానీ వాళ్ళకు అధికారం ఎప్పుడొచ్చిందో చూడండి. భర్త పోయాక, ఇంట్లో ఏలడానికి వేరే మగ దిక్కు లేనప్పుడు. రుద్రమకూ అంతే. మగవాడు లేని ఖాళీలోకి ఆడమనిషి వచ్చి, మళ్ళీ మగవాడు దొరికే దాకా కాపలా కాయడం. మన చరిత్రలో రాణుల కథలు చాలావరకు ఇవే.

అదే కాలంలో రాణివాసానికి, గడీకి ఇంకో వైపు ఇంకో ఆడమనిషి ఉండేది. ఆమెను ఆడబాప అనేవాళ్ళు. దొర కూతురు పెళ్ళయి అత్తారింటికి వెళ్తుంటే బంగారం, గొడ్డూగోదా పంపినట్టే ఊళ్ళోని ఒక పేదింటి పిల్లను కూడా వెంట పంపేవాళ్ళు. దొరసాని తలదువ్వడం, ఒళ్ళుపట్టడం, పిల్లల్ని ఎత్తుకోవడం ఆ పిల్ల పని. రాత్రి పూట దొర పిలిస్తే వెళ్ళాలి. ఆమెకు పెళ్ళి ఉండదు. పిల్లలు పుడితే వాళ్ళకు తండ్రి పేరు ఉండదు, ఆస్తిలో వాటా అసలే ఉండదు. నిజాం రాజ్యంలో వెట్టిచాకిరీ గురించి చెప్పేటప్పుడు బండి కట్టడం, మోట కొట్టడం, బట్టలుతకడం గురించి చెబుతాం. ఆడవాళ్ళ వెట్టి పొలంతో, పెరటితో ఆగలేదు. వాళ్ళ ఒళ్ళు కూడా దొర ఆస్తి కిందే లెక్క.

ఈ పరిస్థితిపై మాట్లాడటానికి ఆడవాళ్ళకు మొదట దొరికిన వేదికల్లో ఒకటి ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో తొలి సభ జరిగినప్పుడు దానితోపాటే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. మహాసభ అధ్యక్షులు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. బాల్యవివాహాలు, పరదా, ఆడపిల్లల చదువు ఆ రోజుల్లో మహిళా సభల్లో వినిపించిన అంశాలు. వచ్చినవాళ్ళు ఎక్కువగా చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళే. ఆడబాపకు ఆ సభ దాకా దారి లేదు.

ఐలమ్మ నాలుగెకరాలు

ఆ దారి వేసినవాళ్ళలో ముందు పేరు చిట్యాల ఐలమ్మది. మనం చాకలి ఐలమ్మ అంటాం. ఆమె ఊరు పాలకుర్తి. ఇప్పుడది జనగామ జిల్లా కానీ అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలోనే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి గుప్పిట్లో ఉండేవి. 60 ఊళ్ళు, 40 వేల ఎకరాలు ఆయన కింద ఉండేవని ఉద్యమ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు బాగుచేసి సాగులోకి తెచ్చింది. చాకలి కులం మనిషి గడీలో బట్టలుతకాలి గానీ సొంతంగా వ్యవసాయం చేయడమేంటన్నది దొరల కోపం. పట్వారీ తన పొలంలో పనికి రమ్మంటే ఆమె రానంది. దానికితోడు ఆంధ్ర మహాసభలో చేరింది. మామూలు జనం ఆ సభను ‘సంఘం’ అనేవాళ్ళు. పంట చేతికొచ్చే వేళకు దొర మనుషులు వడ్లు ఎత్తుకుపోవడానికి వచ్చారు. సంఘం కార్యకర్తలు అడ్డం నిలబడి, పంట కోసి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. తర్వాత అరెస్టులు, కేసులు, ఇల్లు తగలబెట్టడం అన్నీ జరిగాయి. ఆమె మాత్రం భూమి వదల్లేదు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆ తర్వాతే పోరాటం ఊరూరా అంటుకుంది. కడవెండి కూడా అదే తాలూకా. అంటే తెలంగాణ సాయుధ పోరాటం మొదలైన చోటే ఒక ఆడమనిషి పొలం గట్టు ఉంది.

ఐలమ్మ గురించి మనం ఒక మాట గమనించాలి. ఆమె ‘స్త్రీల హక్కులు’ అనే మాట వాడి ఉండకపోవచ్చు. ఆమె అడిగింది నేను దున్నిన నేల, నేను పండించిన గింజ నాది అని. నా లెక్కలో స్త్రీల హక్కుల గురించి ఇంతకంటే సూటి మాట లేదు.

తుపాకీ దించాక

మల్లు స్వరాజ్యం పుట్టింది 1931లో, కరివిరాల కొత్తగూడెంలో. భూస్వాముల ఇల్లు. సంఘం పిలుపు విని, పదేళ్ళు దాటీదాటని వయసులోనే సొంత ఇంటి గాదెలోంచి కూలోళ్ళకు ధాన్యం పంచింది. తర్వాత దళంలో చేరి కమాండర్ అయింది. ఆమెను పట్టిస్తే 10 వేల రూపాయలిస్తామని ప్రకటించారు. ఆ కాలంలో 10 వేలంటే ఎంతో ఊహించుకోండి. ఆలేరు వైపు ఆరుట్ల కమలాదేవి, ఇంకా పేర్లు కూడా నమోదు కాని ఎందరో ఆడవాళ్ళు వడిసెల పట్టారు, కారప్పొడి చల్లారు, కొరియర్లుగా తిరిగారు, దళాలకు అన్నం వండి అడవికి మోశారు. కమలమ్మ అనే కార్యకర్త దళంలో తిరుగుతూ తన పసిబిడ్డను వేరేవాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళాల్సి వచ్చింది.

1951 అక్టోబర్ 21న పోరాటాన్ని విరమించారు. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళు ఏమయ్యారు? చాలాకాలం ఎవరూ అడగలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి, వాళ్ళ మాటల్లోనే కథలు రికార్డ్ చేసి ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం తెచ్చారు. దొరికితే తప్పకుండా చదవండి. పోరాటంలో ఉన్నన్ని రోజులు మగవాళ్ళతో సమానంగా బతికామన్న సంతోషం, అది ముగిశాక మళ్ళీ పొయ్యి దగ్గరికే చేరామన్న బాధ, రెండూ అందులో ఉన్నాయి. కమలాదేవి 1952 నుంచి మూడుసార్లు ఆలేరు ఎమ్మెల్యే అయ్యారు. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే ఇలాంటి కొందరిని పక్కన పెడితే మిగతావాళ్ళ కథ ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది.

పోరాటంలో సంఘం 10 లక్షల ఎకరాలు పంచిందని నాయకుల లెక్క. ఆ పంపకంలో లెక్క కుటుంబానిది. కుటుంబం అంటే ఇంటిపెద్ద, ఇంటిపెద్ద అంటే మగవాడు. ఈ లెక్కను దొరలూ మార్చలేదు, దొరల్ని తరిమినవాళ్ళూ మార్చలేదు, తర్వాత వచ్చిన ప్రభుత్వాలూ మార్చలేదు.

నమ్మకం కుదరకపోతే భూసంస్కరణల చట్టం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. తర్వాత ఒక సవరణ చేశారు: మేజర్ కొడుకులుంటే ఒక్కో కొడుక్కి ఒక్కో వాటా చొప్పున అదనంగా భూమి ఉంచుకోవచ్చని. మరి మేజర్ కూతురు ఉంటే? ఆమె కోసం అలాంటి వాక్యం రాయలేదు. పేదలకు భూమి పంచడానికి వచ్చిన చట్టంలోనే ఆడపిల్ల లెక్కలోకి రాని మనిషి అయింది.

పాలమూరులో ఇంకో కాలమ్

నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు జోగిని ఆచారం ఎంత గట్టిగా ఉండేదో ఆ ప్రాంతంవాళ్ళకు తెలుసు. ఆడపిల్లను దేవతకిచ్చి పెళ్ళి చేయడం. దాదాపు అందరూ దళితుల ఇళ్ళ పిల్లలే. దేవుడి పేరు చెప్పి ఊళ్ళోని పెద్దలు ఆమె మీద హక్కు చెలాయించేవాళ్ళు. జాతరలో ముందు నడిపించేది ఆమెనే, మామూలు రోజుల్లో దూరంగా ఉంచేదీ ఆమెనే.

ఒళ్ళు బాగోలేకపోతే మొక్కుకున్నామనో, జడలు కట్టాయనో, దేవత పిలిచిందనో చెబుతారు. ఇంకో కారణం కూడా ఉంది. కొడుకులు లేని ఇళ్ళల్లో ముసలితనంలో మమ్మల్ని ఎవరు చూస్తారని కూతుర్ని జోగినిగా వదిలిన తల్లిదండ్రులున్నారు. పెళ్ళి చేస్తే కూతురు వేరే ఇంటి మనిషైపోతుంది కాబట్టి, పెళ్ళి లేకుండా చేసి ఇంట్లోనే ఉంచుకోవడం అన్నమాట. రుద్రమకు కొడుకు స్థానం సింహాసనం రూపంలో వస్తే, పాలమూరు పేదింటి పిల్లకు ఆ స్థానం ఇలా వచ్చింది.

1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కానీ అప్పటికే జోగినులైనవాళ్ళ పిల్లలు బడికెళ్ళినప్పుడు దరఖాస్తులో ‘తండ్రి పేరు’ అనే ఖాళీ ఎదురైంది. ఆ ఖాళీ నింపలేక చదువు మానేసిన పిల్లల గురించి, దాన్ని తీసేయమని పోరాడిన తల్లుల గురించి ఆ ప్రాంతంలో పనిచేసినవాళ్ళు ఎన్నో చెబుతారు. చూశారా, ఇక్కడా ఒక కాలమే మనిషి బతుకును నిర్ణయించింది.

5 రోజుల తేడా

భారతదేశంలో హిందూ ఆడపిల్లకు ఆస్తి హక్కు ఇవ్వాలని చూసినవాడు అంబేద్కర్. హిందూ కోడ్ బిల్లును ముందుకు కదలనివ్వకపోవడం ఒక ముఖ్య కారణంగా 1951 సెప్టెంబర్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. నెల తిరగ్గానే తెలంగాణ పోరాట విరమణ ప్రకటన వచ్చింది. ఢిల్లీలో బిల్లు ఆగింది, నల్గొండలో తుపాకీ దిగింది.

ఐదేళ్ళ తర్వాత, 1956లో, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో, వీలునామా లేకపోతే, కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది.

ఆ తేడా తీసేసిన రాష్ట్రాల్లో ముందు వరసలో మనదే ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణతో కూతురికి కూడా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇలాంటి చట్టాలు చేశాయి. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది.

మన రాష్ట్ర సవరణ అమలు తేదీని వెనక్కి జరిపి 1985 సెప్టెంబర్ 5 అని పెట్టారు. ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబర్ 10న. మధ్యలో 5 రోజులు. నాలుగెకరాల కోసం ఇల్లు తగలబడినా కదలని మనిషి వెళ్ళిపోతున్న వారంలోనే, ఆడపిల్లకు నేల మీద పుట్టుహక్కు మొదలయ్యే తేదీ పడింది. ఇది యాదృచ్ఛికమే. అయినా ఆ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడు నేను కాసేపు స్క్రీన్ ముందు అలాగే కూర్చుండిపోయాను.

ఒడిబియ్యం ఖరీదు

చట్టం ఉంది కదా, ఇక సమస్యేముంది అంటారా? మా ఇంటి సంగతి చెబుతాను.

మా తాతయ్య సొంత కష్టంతో ఆరెకరాలు కొన్నాడు. వీలునామా రాయకుండానే పోయాడు. చట్టం ప్రకారం ఐదుగురు వారసులు: మా నాయనమ్మ, నాన్న, బాబాయి, ఇద్దరు మేనత్తలు. ఒక్కొక్కరికి ఎకరం ఎనిమిది గుంటలు. దీనికి 2005 సవరణ కూడా అక్కర్లేదు, 1956 చట్టమే చాలు. 2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊరికి అధికారులొచ్చారు. నేనప్పుడు బీటెక్ చదువుతున్నాను. మేనత్తలిద్దరికీ కబురు పెట్టారు. వచ్చారు, కోడికూర తిన్నారు, మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టారు, సాయంత్రం బస్సెక్కారు. నాయనమ్మ వేలిముద్ర వేసింది. మూడెకరాలు నాన్న పేరు మీద, మూడెకరాలు బాబాయి పేరు మీద ఎక్కాయి. ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు, గొంతు పెంచి మాట్లాడలేదు.

చిన్నత్తకు అప్పటికే భర్త లేడు. హైదరాబాద్‌లో అద్దింట్లో ఉంటూ బట్టలు కుట్టి పిల్లాణ్ణి చదివించేది. ఎకరం ఎనిమిది గుంటలంటే ఆమెకు చిన్న విషయం కాదు. బస్టాండ్‌కు దింపడానికి వెళ్ళినప్పుడు ఎందుకు పెట్టావత్తా సంతకం అని అడిగాను.

“అన్నలతోని కొట్లాడి ఏం జేసుకోవాలె బిడ్డా? భూమి తీస్కుంటే రేపు నాకు ఒడిబియ్యం పోసెటోళ్లు ఎవరుంటరు? బతుకమ్మకు ఏ ఇంటికి రావాలె?” అంది.

తెలంగాణలో పుట్టినవాళ్ళకు ఈ మాట బరువు చెప్పాల్సిన పనిలేదు. పుట్టింటివాళ్ళు కూతురి ఒడిలో పసుపు బియ్యం, కుడుకలు, చీర పెట్టి పంపే వేడుక ఒడిబియ్యం. నీకు ఇంకా ఒక ఇల్లుంది అని చెప్పే గుర్తు అది. అత్తారింట్లో కష్టమొస్తే తిరిగి రావడానికి ఒక గడప ఉందన్న ధైర్యం. ఆ ధైర్యానికి బదులుగా ఆమె ఎకరం ఎనిమిది గుంటలు వదులుకుంది. సాగర్ కాలువ కింద భూమి ధర తెలిసినవాళ్ళు లెక్కవేసుకోండి, ఒక్కో ఒడిబియ్యానికి ఎంత పడిందో.

మా నాన్న చెడ్డవాడు కాదు. చెల్లెలి కొడుకు ఫీజుకు డబ్బు పంపినవాడే. కానీ అన్న దయతో పంపే డబ్బుకు, తన పేరు మీదున్న భూమికి తేడా ఉంది. దయ అన్నది అన్న బతికున్నన్ని రోజులే. ఆ తర్వాత అన్న కొడుకుల ఇష్టం.

‘కట్నం ఇచ్చాం కదా’ అన్నది ఇంకో మాట. మా వైపు చాలా ఇళ్ళల్లో పొలం అమ్మే కట్నం ఇస్తారు. నిజమే, ఖర్చయింది. కానీ ఎవరి చేతికి వెళ్ళింది? అల్లుడి చేతికి, వియ్యంకుడి అప్పులకు, బండికి, ఫంక్షన్ హాల్‌కు. కూతురి పేరు మీద మిగిలిందేమిటో ఎవరూ రాసిపెట్టుకోరు. కొడుక్కిచ్చింది ఆస్తి అవుతుంది, కూతురికిచ్చింది ఖర్చవుతుంది.

రైతు అంటే ఎవరు?

పట్టాలో పేరు లేకపోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు. 2018లో రైతుబంధు వచ్చింది. సీజన్‌కు ఎకరానికి మొదట 4 వేలు. ఇప్పుడు రైతు భరోసా కింద 6 వేలు. ఈ డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడుతుంది. అదే ఏడాది వచ్చిన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు.

మా అమ్మ పొద్దున ఐదింటికి లేచి పొలానికెళ్తుంది. నాట్లు, కలుపు, కోత, కూలీలను పిలవడం, వాళ్ళకు సద్ది కట్టడం అన్నీ ఆమే. నాన్న ఎరువుల షాపు చూసుకుంటాడు. కానీ పాస్‌బుక్ మీద ఫొటో నాన్నది. కాబట్టి ప్రభుత్వ రికార్డులో రైతు మా నాన్న. పొలంలో పాము కరిచి అమ్మకు ఏదైనా అయితే బీమా రాదు, ఎందుకంటే చనిపోయింది రైతు కాదు. ఎరువుల షాపులో కూర్చున్న నాన్నకు ఏమన్నా అయితే వస్తుంది. సిస్టమ్‌లో తప్పేమీ లేదు. ఓనర్ కాలమ్‌లో ఏముందో అదే చదివింది.

దేశం మొత్తం మీద 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ళ చేతిలో ఉన్న కమతాలు దాదాపు 14 శాతం. పొలంలో వంగి పనిచేసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో ఏ ఊరి దారిలో బండి ఆపి చూసినా తెలుస్తుంది.

మార్చడం అసాధ్యమేమీ కాదు. ఇందిరమ్మ ఇల్లు ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తున్నారు. 2014లో మొదలైన దళితులకు మూడెకరాల పథకంలో పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. అందినవాళ్ళు తక్కువే అయినా ఆ పేరు రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ అడ్డం రాలేదు. ప్రభుత్వం ఇచ్చేదాంట్లో రాయగలిగినప్పుడు మన ఇంట్లో ఉన్నదాంట్లో ఎందుకు రాయలేం?

మీ ఇంట్లో ఒకసారి చూడండి

ఊళ్ళల్లో ఎక్కువగా వినిపించే భయం ఒకటుంది: కూతురికిస్తే భూమి పరాయింటికి పోతుందని. 1956 చట్టంలోని 15వ సెక్షన్ చదివితే ఆ భయం చాలావరకు పోతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఉన్న కూతురు వీలునామా లేకుండా, పిల్లలు లేకుండా చనిపోతే ఆ ఆస్తి భర్తకు వెళ్ళదు. తిరిగి ఆమె తండ్రి వారసులకే వస్తుంది. పిల్లలుంటే వాళ్ళకూ, భర్తకూ సమానంగా వెళ్తుంది. ఆ పిల్లలు మీ మనవలే కదా.

ఇంకో విషయం. ఇంటిపెద్ద పోయాక వారసత్వం కింద పట్టా మార్చేటప్పుడు వారసులందరూ ఒప్పుకుంటూ కాగితం ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏముందో చదివించుకోండి. వదులుకోవాలనుకుంటే తెలిసి వదులుకోండి. పూర్తిగా తీసుకోవడం కష్టమనిపిస్తే ఒక అరెకరమైనా మీ పేరు మీద ఉంచమనండి. అన్నదమ్ముల విషయానికొస్తే, అక్కచెల్లెళ్ళు అడిగే దాకా ఆగాల్సిన పనిలేదు. భార్య పేరు మీద కొంత భూమి గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేస్తే ఆమె కూడా పట్టాదారే, బీమాకు ఆమె కూడా రైతే.

మా ఇంట్లో ఇప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. కట్నం మాట వచ్చింది. కట్నం వద్దు, తమ్ముడితో సమానంగా ఎకరంన్నర నా పేరు మీద రాయండి, దాన్ని అమ్మే సాగు చేసుకుంటుంది అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. “ఊళ్ళో ఏమనుకుంటరు?” అన్నాడు చివరికి. తమ్ముడు ఫోన్లోంచి తలెత్తి, “ఏమనుకుంటరు నాన్నా, ఇద్దరు బిడ్డలున్నరనుకుంటరు” అన్నాడు.

ఇంకా ఏమీ తేలలేదు. మాటలు నడుస్తున్నాయి. పోయిన వారం అమ్మ మాత్రం ఫోన్ చేసి, గిఫ్ట్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్ ఒక్కటి సరిపోతుందా, పాన్ కార్డు కూడా కావాలా అని అడిగింది.